తోడుకు వచ్చిన పిల్ల

హిందూపురం,
మార్చి 9.

ప్రియమైన భవానికి,

నీ ఉత్తరం అందింది. బెంగళూరులో మెడికల్ పరీక్ష కూడా దాటావని చదివాను. శుభాకాంక్షలు. ఇక జాబితా రావడమే మిగిలింది.

ఉత్తరాలు రాసుకుందామన్న ఆలోచన బాగుంది. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మొదటి నెలలు ఫోన్ ఇవ్వరు కాబట్టి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలన్నావు. నాకు ఎలాగూ ఫోన్లో మాట రాదు. కాగితం మీద కొంచెం నయం.

ఇంట్లో చెప్పాను. నాయన పరుపులో దూది కూరుతూ ఆగి, "ఎవరు, మన భవానా? విమానం తోలుతాదా?" అన్నాడు. తర్వాత నా వైపు చూసి మళ్లీ దూదిలో చెయ్యి పెట్టాడు. అమ్మ ఊరుకోలేదు. "నువ్వు పోతాంటే కదా ఆ పాప తోడొచ్చింది" అంది.

నిజమే కదా. ఆడపిల్లను ఒంటరిగా మైసూరు పంపనని నాయన పట్టుబట్టాడు. తోడు వచ్చిన వాళ్లను సెలక్షన్ సెంటర్ గేటు లోపలికి రానివ్వరు. నువ్వు కూడా పరీక్ష రాసేస్తే ఇద్దరం కలిసే లోపలికి వెళ్లొచ్చని అన్నది నేనే. నీ అప్లికేషన్ నింపింది నేనే. ఇంగ్లీషు చెప్పింది నేనే. ఇంటర్వ్యూలో ఇద్దరం నిలబడ్డాం. చివరి రోజు ఆ మెషిన్ ముందు కూర్చోబెట్టారు. చేతిలో కర్ర, కాళ్ల కింద పెడళ్లు, ఎదురుగా తెర మీద ఆగకుండా కదిలే చుక్క. నా చేతులు మాట వింటే కాళ్లు వినలేదు. నువ్వు బయటికి వస్తూ, "మగ్గం మాదిరే ఉండాది మే" అని నవ్వావు.

ఆ మెషిన్ ముందు మనిషికి జన్మలో ఒక్కసారే అవకాశం. తప్పితే మళ్లీ పైలట్ అనే మాట ఉండదు. నేను ఫ్లయింగ్ ఒక్కటే రాశాను, వేరే ఏ ఉద్యోగమూ వద్దనుకున్నాను. కాబట్టి నాకు అక్కడితో అయిపోయింది.

పరుగు మానకు. నీళ్లు ఎక్కువ తాగు.

సుమయ్య

*

పెనుకొండ,
మార్చి 17.

ఏమ్మే సుమయ్యా,

నీ ఉత్తరం చూసి చిన్నమ్మ, "మీ టీచరమ్మ రాసిందా?" అని అడిగింది. అంత నీట్‌గా రాశావు. శుభాకాంక్షలు అంటే ఏం మే, పెళ్లి కార్డా?

నేను పెనుకొండలో చిన్నమ్మ ఇంట్లో దిగాను. ధర్మవరంలో పరిగెత్తాలంటే కష్టం. వీధిలో మగ్గాలన్నీ ఆపి మరీ చూస్తారు. ఇక్కడ కొండ ఉంది. పొద్దున్నే కోట దారి పట్టుకుని పైకి పరిగెత్తుతున్నాను. మొదట్లో సగంలోనే చతికిలబడేదాన్ని. మేకలు తోలుకొచ్చే పాపన్న తాత ఒకడు నన్ను చూసి, "ఏం పాపా, ఎవరన్నా తరుముకొస్తాండారా?" అన్నాడు.

"లేదు తాతా, మిలిటరీలో చేరేదానికి."

"మిలిటరీ వాళ్లు వేరేవాళ్లను తరమాల గానీ, వాళ్లే పరిగెత్తితే ఎట్ల పాపా?"

ఇప్పుడు రోజూ నాకంటే ముందు పైకి చేరి బండ మీద కూర్చుంటాడు. నేను రొప్పుకుంటూ పోయేసరికి, "ఈ పొద్దు కూడా మేకే గెలిచింది" అంటాడు.

ధర్మవరంలో ఉండగానే జుట్టు భుజాల పైకి కత్తిరించుకున్నాను. మా అవ్వ నన్ను చూసి మాట్లాడటం మానేసింది. తర్వాత తనే దగ్గరికొచ్చి, "కోసిన జడ యాడ పెట్టినావు? సవరానికి పనికొస్తాది" అంది. దండీలు తీసేటప్పుడు నడుము వంగుతుందేమో చూడమంటే చిన్నమ్మ నా వీపు మీద చెంబు పెట్టింది. చెంబు నిండా నీళ్లు. దానితోనే స్నానం అయిపోయింది.

ఇక అసలు సంగతి. చేరే రోజున నన్ను దుండిగల్ అకాడమీకి ఒంటరిగా పంపనని నాయన అంటున్నాడు. మగ్గం మీద చీర ఉంటే తను కదల్లేడు. "సుమయ్య తోడు పోతే పంపుతా. ఆ పాపకు ఇంగ్లీషొచ్చు. కాన్వెంటు హాస్టల్లో ఉండి నువ్వూ చదివినావు గానీ, నీకు నోరొచ్చింది, ఆ పాపకు చదువొచ్చింది" అన్నాడు. వస్తావు కదా? మైసూరుకు నేను నీకు తోడొచ్చాను. దుండిగల్‌కు నువ్వు నాకు. చెల్లుకు చెల్లు.

భవాని

*

హిందూపురం,
ఏప్రిల్ 6.

భవానీ,

జవాబు ఆలస్యమైంది. స్కూల్లో పరీక్షలు.

నేను మన కాన్వెంటులోనే ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నానని నీకు తెలుసు. సిస్టర్ నీ ఫోటో నోటీసు బోర్డు మీద పెట్టించింది. ఎన్‌సీసీ డ్రెస్సులో ఉన్నది. ఫోటో కింద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కావాలంది. స్కూల్లో అంత మంచి ఇంగ్లీషు నాదేనట. రాసిచ్చాను. ఎక్కడా తప్పు లేదు.

ఇంటర్వెల్లులో పిల్లలు ఆ బోర్డు ముందు మూగుతారు. ఒక పిల్ల వచ్చి, "మిస్, ఆమె మీ ఫ్రెండంట కదా? మీరెందుకు పోలేదు?" అని అడిగింది. చేతులు కడుక్కొని రమ్మన్నాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

నేను చదివిన పుస్తకాలు నీకు తెలుసు. విమానం రెక్క గాలిని ఎలా పట్టుకుంటుందో ఎనిమిదో తరగతిలో నీకు బొమ్మ గీసి చూపించాను. నువ్వు ఆ బొమ్మ మీద టిఫిన్ డబ్బా పెట్టావు. ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు.

పోయిన వారం మీ నాయన పట్టు కొనడానికి హిందూపురం వచ్చాడు. మా అంగడిలో కూర్చున్నాడు. టీ తాగాడు. నీ గురించి మాట్లాడాడు. వెళ్లిపోయాడు.

తోడు సంగతి ఇప్పుడే చెప్పలేను. జులైలో స్కూలు సెలవు ఇవ్వదు.

సుమయ్య

*

ధర్మవరం,
మే 29.

సుమయ్యా,

జాబితా వచ్చింది. అందులో నా పేరుంది. జులై మొదట్లో చేరాలి. చేరకపోతే ఆ సీటు నా వెనక ఉన్నవాళ్లకు పోతుంది.

నాయన వద్దంటున్నాడు.

ఏమైందో నాకు అర్థం కావడం లేదు. మార్చిలో వీధిలో అందరికీ చెప్పుకున్న మనిషి. పక్కింటి ఎర్రిస్వామి మామ, "ఆడపిల్లకు విమానమేందప్పా" అంటే, "నీ కొడుక్కు సైకిల్ రాదు, నా కూతురు విమానం తోలుతాది" అన్న మనిషి. ఇప్పుడు నేను ఆ మాటెత్తితే లేచి మగ్గం గుంతలోకి దిగిపోతాడు. ఆ చప్పుడులో ఇక ఏమీ వినపడదు.

నిన్న అన్నం దగ్గర గట్టిగా అడిగాను. "ఆడ ఏందో ఉండాది లేమ్మా. వద్దు" అన్నాడు. ఏముందని అడిగితే చెప్పడు. "తెలిసినోళ్లను అడిగినా" అంటాడు. ఎవరినంటే, "మీ సుమయ్యనే" అన్నాడు.

నువ్వేం చెప్పావు మే? ఏదో చెప్పి ఉంటావు, ఆయన వేరేగా అర్థం చేసుకున్నాడేమో. నీ ఇంగ్లీషు మాట ఏదన్నా ఆయనకు భయం పుట్టించిందా? వెంటనే రాయి.

భవాని

*

హిందూపురం,
జూన్ 2.

భవానీ,

మీ నాయనకు నేను ఏమీ చెప్పలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నమ్ము.

ఆయన అడిగారు. నాకు పెద్దవాళ్ల ముందు మాట రాదని నీకు తెలుసు. చిన్నప్పటి నుంచి అంతే. సిస్టర్ పేరు పిలిచినా లేచి నిలబడి ఊరుకునేదాన్ని, నువ్వే నా బదులు చెప్పేదానివి. అదే జరిగింది. అంతకు మించి ఏమీ లేదు.

సుమయ్య

*

పెనుకొండ,
జూన్ 6.

సుమయ్యా,

మగ్గం చప్పుడు భరించలేక మళ్లీ చిన్నమ్మ ఇంటికి వచ్చాను. వచ్చే ముందు నాయనను కూర్చోబెట్టి అంతా అడిగాను.

టీవీలో శిక్షణ విమానం ఒకటి పడిపోయిన వార్త చూశాడట. పట్టు కొనే పని మీద హిందూపురం వచ్చి, పనిగట్టుకుని మీ అంగడికొచ్చాడట. మీ నాయన దూది మూట కోసం లోపలికి పోయినప్పుడు నిన్ను అడిగాడట. "ఏమ్మా, నువ్వు చదివిన దానివి, నీకన్నీ తెలుసు. భవానిని పంపొచ్చు కదా? ఆడ ఏం భయం లేదు కదా?" అని.

నువ్వు మాట్లాడలేదట. రెండోసారి అడిగాడట. అప్పుడూ మాట్లాడలేదట.

సిగ్గుతో ఊరుకున్నావని నేనే నాయనకు చెప్పబోయాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "సిగ్గు కాదు మా. ఆ పాప సిగ్గుపడితే కింద చూస్తాది. నాకు తెల్దా, చిన్నప్పటి నుంచీ చూస్తాండా. ఆ పొద్దు నా ముఖంలోకే చూసింది. చూసి ఊరకుండిపోయింది. ఏదో ఘోరముండాది, ఆ పాపకు చెప్పేదానికి నోరు రాలేదు అనుకున్నా."

మన ఇన్నేళ్ల స్నేహంలో నువ్వు ఎవరి ముఖంలోకైనా సూటిగా చూశావా? ఆ ఒక్కరోజే చూశావు.

నేనూ ఒక మాట చెప్తాను. మైసూరులో బయటికొచ్చి "మగ్గం మాదిరే ఉండాది" అని నవ్వాను. అప్పుడు నీ ముఖం చూశాను. ఆ నవ్వు అక్కడే ఆపేశాను. బెంగళూరులో ఫిట్ అన్నప్పుడు ఎగిరి గంతేయాలనిపించింది, నీకు ఎలా రాయాలా అని ఆలోచిస్తూ బస్సెక్కాను. ఇంతవరకు నేను ఎవరి దగ్గరా పూర్తిగా సంతోషపడలేదు. ఇంట్లో వాళ్లకు ఇదేమిటో తెలియదు. తెలిసినదానివి నువ్వొక్కదానివే.

నీకు రానిది నాకు వచ్చింది. దానికి నేనేం చేయాలి? నువ్వే చెప్పు.

ఇక రాయను.

భవాని

*

ధర్మవరం రైల్వే స్టేషన్,
జూన్ 11.

భవానీ,

మీ ఇంటి నుంచి వస్తున్నాను. హిందూపురం బండి ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పెనుకొండలో ఉన్నావని తెలిసే వచ్చాను. నీ ముందు ఈ పని చేయగలిగేదాన్ని కాదు.

నేను వెళ్లేసరికి మీ నాయన మగ్గం గుంతలో ఉన్నాడు. అవ్వ గడప దగ్గర రాట్నం మీద కండెలకు దారం చుడుతోంది. "రామ్మా, భవాని ఈడ లేదు" అన్నాడు. మీతోనే మాట్లాడాలని వచ్చానన్నాను. ఆయన మగ్గం ఆపాడు.

దారి పొడవునా మాటలు తయారు చేసుకున్నాను. శిక్షణ ఎంత జాగ్రత్తగా ఇస్తారు, విమానం ఎక్కించే ముందు ఎన్ని నెలలు నేల మీదే నేర్పిస్తారు, అన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"ఆ రోజు మీరడిగినప్పుడు నాకు జవాబు తెలుసు" అన్నాను. "చెప్పలేదు."

"ఎందుకు మా?"

"నాకు కుళ్లు. భవానిని చూస్తే కుళ్లుగా ఉండాది. తను పోవడం నాకిష్టం లేదు. అందుకే ఊరకున్నా."

నేను మీ ఇంటికి చాలాసార్లు వచ్చాను కానీ మగ్గం, రాట్నం రెండూ ఆగిన ఇల్లు ఎప్పుడూ వినలేదు. అవ్వకు చెవులు సరిగా పనిచేయవు కదా. "ఏమంటాండాది రంగయ్యా ఈ పాప?" అని అడిగింది.

"మన భవాని మీద కుళ్లంటమ్మా!" అని మీ నాయన అరిచి చెప్పాడు. ఎర్రిస్వామి మామ ఇంటి వరకు వినపడి ఉంటుంది. నేను కింద చూశాను.

ఆయన నన్నే చూస్తూ ఒక్కొక్కటి అడిగాడు.

"విమానం పడిపోతాదని కాదా?"

"కాదు."

"ఆడ ఆడపిల్లలకు ఏదన్నా ఇబ్బంది ఉండాదని కాదా?"

"కాదు."

"మరి వట్టి కుళ్లేనా?"

"వట్టి కుళ్లే."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. మగ్గం పలక పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు, అది నవ్వుకేనా అని నాకు తెలియదు. "నీయమ్మా, నేనేమో ఆడ ఏం ఘోరముండాదో అని రెండు నెల్లుగా కంటికి కునుకు లేకుండా ఉండా! ఇన్ని పుస్తకాలు చదివిన దానివి, నువ్వే కుళ్లుకుంటాండావంటే అది మంచిదే అయ్యుండాల. పనికిమాలినదానికి ఎవరు కుళ్లుకుంటారు మా?"

నేను ఆయనను మళ్లీ మోసం చేయదలుచుకోలేదు. "భయం అసలే లేదని నేను చెప్పలేను" అన్నాను. "విమానాలు పడతాయి. ఎప్పుడో ఒకటి. కానీ మగ్గం మాదిరి చేతులూ కాళ్లూ కలిపి ఆడించే ఆ పరీక్ష మెషిన్ ముందు నేనూ కూర్చున్నా, భవానీ కూర్చుంది. దానికి వచ్చు. నాకు రాదు. అంతవరకు నాకు తెలుసు."

ఆయన నవ్వు ఆపి గుంతలో తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "మగ్గం నేర్పింది నేనే కదా" అన్నాడు.

ఈలోగా అవ్వ లోపలికి పోయి ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకొచ్చింది. దిష్టి తీయాలట. భవాని ఇక్కడ లేదు కదవ్వా అన్నాను. "దానికెందుకు మే? కుళ్లుండేది నీకాడ. నీకే తీయాల" అంది. నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, గుప్పెట నా తల చుట్టూ తిప్పి, పొయ్యిలో వేసింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. ముగ్గురం దగ్గుకుంటూ వీధిలోకొచ్చి పడ్డాం. అవ్వ చాలా నిరాశపడింది. నిజంగా దిష్టి ఉంటే ఘాటే రాదట. "ఇంత ఘాటొచ్చిందంటే నీ కన్ను చెడ్డది కాదులే పో" అని నాకు మజ్జిగ ఇచ్చింది.

మీ నాయన నిన్ను పంపుతాడు. నాకు మాటిచ్చాడు. "అయితే నువ్వే తోడు పో మా" అన్నాడు. రానన్నాను. "ఇంకా కుళ్లేనా?" అన్నాడు. ఇంకా అన్నాను. "సరేలే, నేనే పోతా. చీర ఆగితే ఆగనీ" అన్నాడు.

ఆ గేటు దాకా వస్తే నేను ఏడుస్తాను భవానీ. చూసినవాళ్లు నీ కోసం అనుకుంటారు. అది అబద్ధం అవుతుంది.

నువ్వు చివర్లో ఒక ప్రశ్న అడిగావు. నేనేం చేయాలి అని. నువ్వేం చేసినా నాకు ఇలాగే ఉండేది.

ఈ బండి పెనుకొండలో ఆగుతుంది. నేను దిగను. ఉత్తరం ఇక్కడి డబ్బాలోనే వేస్తున్నాను.

సుమయ్య

*

దుండిగల్,
ఆగస్టు 12.

సుమయ్యా,

రాయనన్నాను. రాస్తున్నాను.

నిన్ను కలవకుండానే వచ్చేశాను. నాయన గేటు దగ్గర సెంట్రీని, "ఏమప్పా, లోపల అన్నం బాగుంటాదా?" అని తెలుగులో అడిగాడు. ఆ పిల్లవాడు పంజాబీ. సెల్యూట్ కొట్టాడు. నాయన ఆ సెల్యూట్ గురించి ధర్మవరమంతా చెప్పుకుంటున్నాడట.

ఇక్కడ నువ్వు అనుకున్నంత ఏమీ లేదు. కాళ్లు పుండ్లు పడ్డాయి. నడవనివ్వరు, ఎక్కడికి పోయినా పరుగే. తిట్లు ఇంగ్లీషులో, హిందీలో పడతాయి. ఇంగ్లీషు తిట్లు అర్థమైనప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. అన్నం నమిలే టైముండదు. బూట్లకు పాలిష్, బెల్టుకు పాలిష్, దుప్పటికి ముడత ఉండకూడదు. క్లాసులో నిద్రొస్తే నిలబెడతారు. విమానాల చప్పుడుకు తలనొప్పి. మేము ఎగరడం ఇంకా చాలా నెలల తర్వాత మాట.

నిజం చెప్పాలంటే నువ్వు రాకపోవడమే మంచిదైందేమో. పుస్తకం పట్టుకోవడానికి కూడా ఇక్కడ వీలుండదు. నీకు నచ్చేది కాదు.

మీ స్కూలు ఎలా ఉంది? మీ నాయన బాగున్నాడా?

భవాని

*

హిందూపురం,
ఆగస్టు 24.

భవానీ,

నాయన బాగున్నాడు. స్కూలు బాగుంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో ఒక్క మంచి మాట కూడా లేదు. నువ్వు అబద్ధాలు రాయవు. రాయాల్సింది వదిలేశావు. ఆ పని నీకు రాదు, నా దగ్గర నేర్చుకున్నావు.

విమానాల చప్పుడుకు తలనొప్పి అని రాశావు. అంత తలనొప్పి రావాలంటే అవి ఎంత దగ్గరగా పోవాలి? ఎక్కడి నుంచి చూస్తున్నావు? పరుగెత్తేటప్పుడు తల పైకెత్తి చూడనిస్తారా? వాటి కిందివైపు ఏ రంగు? ఏదైనా ఒకదాని పక్కన నిలబడ్డావా? రెక్కను చేత్తో తాకావా? తాకి ఉంటావు. నాకు తెలుసు. తాకి, నాకు రాయకూడదని అనుకుని, పుండ్ల గురించి రాశావు.

నువ్వు నా మీద జాలిపడుతున్నావు. దానికంటే పెనుకొండ నుంచి కోపంగా రాసిన ఉత్తరం నయం.

నాకు కుళ్లు పోలేదు. అవ్వ మిరపకాయలు కూడా పని చేయలేదు. సిస్టర్ నీ ఫోటో మార్చి అకాడమీ యూనిఫారంలో ఉన్నది పెట్టింది. కింద వాక్యాలు మళ్లీ నేనే రాశాను. రాసిన పూట అన్నం సయించలేదు. మర్నాడు సయించింది. అలాగే గడుస్తుంది. ఆ పిల్ల మళ్లీ అడిగింది, మీరెందుకు పోలేదు మిస్ అని. పరీక్షలో తప్పాను అని చెప్పాను. ముప్పై మంది పిల్లల ముందు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఇంకో పిల్ల, "ఏ పరీక్ష మిస్?" అంది. బోర్డు మీద కర్ర, పెడళ్లు, చుక్క అన్నీ గీసి చూపించాను. పీరియడ్ మొత్తం అయిపోయింది.

ఇక నువ్వు రాయాల్సింది ఇది. ఎగిరిన మొదటి రోజు నేల ఎప్పుడు వదిలిందో కాళ్లకు తెలుస్తుందా, రాయి. పక్కన నేర్పేవాడు దిగిపోయి, నువ్వొక్కదానివే లేచిన రోజు, దిగాక ముందు మీ నాయనకు చెప్పు. తర్వాత నాకు రాయి. బాగుంటే బాగుందని రాయి. ఎంత బాగుందో అంతా రాయి. నా కోసం ఒక్క మాట తగ్గించావంటే నాకు తెలిసిపోతుంది. నీకు ఆ సంతోషం పూర్తిగా చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలన్నావు. అది ఏమిటో తెలిసిన మనిషి. ఉన్నాను.

చదివి నా ఒళ్లు మండుతుంది. మండనీ. నువ్వు రాయి.

నిన్ను చూసి ఎప్పటికీ ఓర్వలేని,
సుమయ్య